ఖాళీ వలకు మొక్కిన ఊరు

మొన్నొక సాయంత్రం మా చెల్లెలి కొడుకు ఇంటికి వెళితే టీవీలో ఏదో పరదేశపు ఫుట్‌బాల్ వస్తోంది. నేను కూర్చునేసరికి ఆట అయిపోయింది. ఆడినవాళ్లను వదిలేసి కెమెరా జనంలో ఒక ముసలాయన మీదికి పోయింది. మెడకు ఉన్నిగుడ్డ చుట్టుకుని, నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. పక్కన మనవరాలు కాబోలు, ఆయన వీపు నిమురుతోంది.

"కప్పు గెలిచినారా?" అని అడిగాను.

"కప్పూ లేదు గిప్పూ లేదు పెద్దమ్మా. కింద డివిజన్ నుంచి పై డివిజన్‌కి పోతుండారు, అంతే. అది కూడా సక్కగా పోలా. మూడో నాలుగో స్థానంలో వచ్చినోళ్లకి ఇంకో అవకాశమని ప్లేఆఫులు పెడతారులే, వాటిల్లో గెలిచినారు. దానికే ఆయనకి ఇంత ఏడుపు" అని వాడు నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. "నీకేం తెలుసురా, గమ్మునుండు" అన్నాను. వాడు నా మొహం చూసి టీవీ గొంతు తగ్గించాడు. ఆ ముసలాయన ఏడ్చిన ఏడుపు మా ఊరంతా ఒకసారి ఏడ్చింది. అప్పటికి నాకు పదేళ్లు ఉంటాయో లేదో.

మాది వాకాడు దిక్కున, సముద్రానికీ ఉప్పుకాలవకీ మధ్య ఇసుక మీద కట్టుకున్న ఊరు. ఇప్పుడు అక్కడికి పోతే రొయ్యల గుంటలు, వాటిల్లో గిరగిరా తిరిగే చక్రాలు తప్ప ఏమీ కనపడవు. ఊరిని ఎప్పుడో లోపలికి జరిపేశారు. అప్పట్లో మాత్రం తాటాకు ఇళ్లు, వాటి వెనక సరుగుడు తోట, తోట పక్కన మంచినీళ్ల దొరువు, దొరువు దాటితే బంతాట ఇసుక. ఆ ఇసుకలో మోకాళ్ల దాకా కూరుకుపోతూ ఆడేవాళ్లు మా వాళ్లు. బూట్లు ఎట్లా ఉంటాయో కూడా తెలియదు.

ఆట తెచ్చింది మా బడి అయ్యవారు. నెల్లూరు నుంచి వచ్చిన క్రైస్తవుడు. ఆదివారం పొద్దున తన ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్కడే ప్రార్థన పాటలు పాడుకునేవాడు, సాయంత్రం ఊరి కుర్రాళ్లందరినీ పోగేసి బంతి తన్నించేవాడు. ఉప్పుగాలికి తోలు బంతి చిట్లిపోతుంటే, తెప్పలకు పూసే సొరచేప నూనె దానికీ పూయమన్నారు పెద్దలు. అప్పటి నుంచి మా బంతి వాసన కొడుతూనే ఉండేది. బయటి ఊరి వాళ్లు తలతో కొట్టడానికి జంకేవాళ్లు. బంతి ఎటు పోతే అటు ఊళ్లో పిల్లులన్నీ పోయేవి. ఆట రోజున పిల్లుల్ని పట్టి చేపల గంపల కింద మూసిపెట్టడం మా పిలకాయల పని. మూసి, గంప మీద ఎక్కి కూర్చునేవాళ్లం. ఆట చూడటానికి అంతకన్నా మంచి ఆసనం లేదు.

మా నాయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, ఆ జట్టుకి గోలీ. పొడుగు మనిషి. తెడ్డు వేసి వేసి కాయలు కాసిన అరచేతులు. ఆ చేతుల్లోకి వచ్చిన బంతి మళ్లీ జారడం నేను చూడలేదు. ఇంట్లో నోట్లో నాలుక లేనట్టు ఉండేవాడు. గోలు ముందు నిలబడితే మాత్రం అయ్యవారిని కూడా "జరగండి, జరగండి" అని అరిచేవాడు. ఆయన అట్లా అరుస్తుంటే నా ఒళ్లు పులకరించేది.

ఇక మా అవ్వ. ఆటకు ఆమెను మించిన పిచ్చిది ఊళ్లో లేదు, కానీ ఆమె ఒక్క ఆట కూడా చూడలేదు. ఒకసారి ఆమె కళ్లెత్తి చూసిన క్షణంలోనే అవతలి వాళ్లు గోలు కొట్టారట. అప్పటి నుంచి గీత దగ్గరే కూర్చునేది గానీ, ఆటకు వీపు పెట్టి, సముద్రం వైపు చూస్తూ కూర్చునేది. నన్ను గంప మీద నుంచి దింపి పక్కన నిలబెట్టుకునేది.

"యాడుండాది బంతి?" అనేది.

"మనోళ్ల దగ్గరే ఉండాది అవ్వా."

"చిన్నోడి దగ్గరికి రాలేదు గదా?"

ఆమెకు ఆట తెలియదు. ఆఫ్‌సైడు అంటే ఇప్పటికీ నాకే సరిగ్గా తెలియదు, ఆమెకేం తెలుస్తుంది? ఆమెకు తెలిసింది ఒకటే. ఆట ఉన్న రోజు కొడుకు నేల మీద ఉంటాడు. మా నాయన నాకు ఊహ తెలియక ముందే ఒక కార్తీకంలో వేటకు పోయాడు. గాలి లేచింది. తెప్ప ఒడ్డుకు వచ్చింది, నాయన రాలేదు. అవ్వకు మిగిలింది చిన్నాయన ఒక్కడే. అట్లాగని వేటకు పోయే ఇంట్లో వేటకు పోవద్దు అనే నోరు ఉండదు. తిండి అదే కదా.

మా ఒడ్డున చేపలు పంచేటప్పుడు తెప్పకొక వాటా, వలకొక వాటా, మనిషికొక వాటా. జ్వరంతో పడుకున్నవాడికీ, మగదిక్కు లేని ఇంటికీ కూడా కొంత తీసిపెట్టేవాళ్లు. అట్లా వచ్చినదాన్నే మా అమ్మ గంపకెత్తుకుని మెట్ట ఊళ్లకు పోయి అమ్ముకొచ్చేది. బంతాట వచ్చాక ఆట వాటా అని ఇంకొకటి చేరింది. ఆట రోజు ఆడేవాళ్లు వేటకు రాకపోయినా వాళ్ల చేపలు వాళ్ల ఇంటికి చేరేవి. ఇట్లాంటి వాటా ఇంకే ఊళ్లోనైనా ఉండేదేమో నాకు తెలియదు.

కింది డివిజన్ ఆటలన్నీ వానలకు ముందే అయిపోయేవి. అవ్వ సంతోషం కూడా అక్కడితో అయిపోయేది. కార్తీకం వచ్చేసరికి చిన్నాయన మళ్లీ తెప్ప మీద ఉండేవాడు, అవ్వ ఒడ్డు మీద ఉండేది. ఆ ఏడు మా జట్టు ఎన్నడూ లేనిది మూడో స్థానంలోకి వచ్చింది. అయ్యవారు పరిగెత్తుకొచ్చి, రెండు ప్లేఆఫులు గెలిస్తే పై డివిజన్‌కి పోతామనీ, అక్కడ వానకాలమంతా వారానికి రెండు ఆటలు టౌన్లోనే ఉంటాయనీ చెప్పాడు. ఆట ముందు రోజు పోవాలి, మర్నాడు రావాలి. ఇంక వేటకు దినమెక్కడిది?

ఊరి పంచాయితీ కూడింది. పెద్దకాపు, అంటే మా ఊరి పెద్ద, గడ్డం గోక్కున్నాడు. "రొయ్య దిగేదే ఆ నెలల్లో. వయసు మొగోళ్లంతా బంతెనక పడితే తెప్పలు ఎవురు తోస్తారు అయ్యవారా? కింద డివిజన్‌లో బాగనే ఉండారు గదా, ఉండనీండి."

ఆడవాళ్లు మాట్లాడే చోటు కాదది. అవ్వ వెనక నుంచి లేచి ముందుకొచ్చింది. కొంగు కూడా సర్దుకోలేదు.

"కార్తీకంలో రొయ్య ఒకటే దిగతాదా పెద్దకాపా? నా పెద్దోడు కూడా దిగినాడు."

అంతే అంది. పెద్దకాపు గడ్డం మీద నుంచి చెయ్యి తీశాడు.

"సరే వొదినా. గెలిచి పైకి పోతే వానకాలమంతా ఆట వాటా ఇస్తాం. ఓడితే మాత్రం అందరితో పాటే తెప్పెక్కాల. ఇదే దురాయి."

దురాయి అంటే మా ఊరి కట్టుబాటు. పడిందంటే కలెక్టరు వచ్చినా మారదు. ఆ పూట నుంచి బంతి నాకు ఆటవస్తువుగా కనపడలేదు. చిన్నాయన దాన్ని తొడల మధ్య పెట్టుకుని నూనె పూస్తుంటే, పూజ జరుగుతున్నట్టు చేతులు కట్టుకుని చూశాను.

మొదటి ప్లేఆఫు మా ఊళ్లోనే పడింది. విడవలూరు దిక్కు నుంచి వరి కయ్యల్లో పనిచేసే కుర్రాళ్ల జట్టు వస్తుందన్నారు. పెద్ద ఆట కాబట్టి గోలు కర్రల వెనక వలలు కట్టాలని కబురొచ్చింది. వలలకు మా ఊళ్లో కరువా! రెండు పాత వలలు కత్తిరించి కట్టేశారు. చిక్కు అక్కడే వచ్చింది. మా ఊళ్లో వల కడితే ఆడవాళ్లు దానికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, "నిండి రా తల్లీ" అని మొక్కాలి. ఇప్పుడు ఈ వలకు ఏమని మొక్కాలి? నిండితే కొంప మునుగుతుంది.

"వలని ఖాళీగా ఉండమని నోటితో అనొచ్చునా? శాపం గాదూ?" అంది పక్కింటామె.

ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి అవ్వే పసుపు గిన్నె తీసుకుంది. చిన్నాయన నిలబడే గోలు వలకు చివరి నుంచి చివరి దాకా పసుపు పూసి దండం పెట్టింది. "గంగమ్మా, ఈ ఒక్క పూట ఈ వల ఖాళీగా ఉంచు తల్లా. రేపట్నుంచి నీ ఇష్టం, నీ చేపల ఇష్టం." ఆమె వెనక ఊళ్లో ఆడవాళ్లంతా చేతులెత్తారు. పుట్టి బుద్ధెరిగాక నిండు వల కోసమే మొక్కిన మనుషులు ఖాళీ వల కోసం కళ్లు మూసుకుని నిలబడటం చూస్తే నాకు భయమేసింది.

మొదటి సగంలో గోలు పడలేదు. ఆడవాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి, గంగమ్మ విన్నదని. విరామం అయ్యింది. రెండు జట్లూ పక్కలు మారాయి. మొక్కిన గోలు దగ్గర అవతలి గోలీ వచ్చి నిలబడ్డాడు!

సగం ఆట కాగానే పక్కలు మారతారని అన్నేళ్లుగా చూస్తూనే ఉన్నారు. మొక్కేటప్పుడు మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు. ఒకటే గోల. పక్కింటామె పసుపు గిన్నెతో ఆట మధ్యలో నుంచి అడ్డంగా అవతలి కొసకు పరిగెత్తింది. ఆమె వెనక ఇంకో నలుగురు. రెఫరీ ఈల ఊదీ ఊదీ బుగ్గలు నొప్పి పుట్టి ఊరుకున్నాడు. అయ్యవారు నెత్తిన చేతులు పెట్టుకుని నవ్వుతూ, "అమ్మా, దేవుడికి రెండు పక్కలూ ఒకటేనమ్మా, రండమ్మా" అని బతిమాలాడు.

అవ్వ మాత్రం కదల్లేదు. ఆటకు వీపు పెట్టి కూర్చున్నదల్లా సముద్రానికే దండం పెట్టి, "తల్లా, మాట మారుస్తున్నానని కోపం పెట్టుకోబాక. ఆ పసుపు వల ఇప్పుడు నింపు" అంది.

ఉప్పుమళ్లలో పనిచేసే మామ ఒకడు, ఎడమకాలి వాటం వాడు, ఆట ముగిసేముందు ఎంతో దూరం నుంచి ఒక దెబ్బ కొట్టాడు. బంతి పోయి పసుపు వలలో పడింది. తీసి చూస్తే బంతికి ఒకపక్కంతా పసుపు! ఊరు ఊరంతా ఆ బంతిని చూసి అరిచింది. గంప కింద పిల్లులు కూడా అరిచాయి. నేను ఏడుస్తూ అవ్వ మెడ పట్టుకుని "నిండింది అవ్వా, నిండింది" అన్నాను.

ఆ తర్వాత వారం ఎట్లా గడిచిందో. అన్నం సయించేది కాదు. పొద్దున లేస్తే గెలుస్తామనిపించేది, ఎండెక్కేసరికి ఓడతామనిపించేది. అయ్యవారి యేసుకీ గంగమ్మకీ ఇద్దరికీ మొక్కాను, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకుండా. చిన్నాయనకు ఎదురుపడితే అపశకునమేమోనని పక్కదారిన పోయేదాన్ని. ఆయన మాత్రం ఏమీ పట్టనట్టు తెప్పకు తాళ్లు బిగించుకుంటూ కూర్చునేవాడు. ఓడితే ఎక్కాల్సింది ఆ తెప్పే.

చివరి ప్లేఆఫు నెల్లూరులో. ఊళ్లో ముసలీముతకా తప్ప అందరం కదిలాం. దోనెల్లో ఉప్పుకాలవ దాటి, అవతల లారీ ఎక్కాం. అవ్వ మూట కట్టిన చద్దన్నం, నెత్తళ్ల వేపుడు, చింతకాయ తొక్కు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. దారిలో వచ్చిన ప్రతి పెద్ద ఊరినీ చూసి, ఇదే టౌనేమో అనుకున్నాను. టౌన్లో దిగాక జనం ముక్కులు మూసుకుంటుంటే మాకర్థం కాలేదు. మా వాసన మాకు తెలియదు కదా.

గ్రౌండు గేటు దాటగానే నా కాళ్లు ఆగిపోయాయి. అంత నేల ఒక్కచోట, ఒక్క మిట్ట లేకుండా, పచ్చగా! వరి కాదు, గొడ్లు మేసేది కాదు, కేవలం ఆడుకోవడానికి పెంచిన గడ్డి. దాని మీద సున్నపు గీతలు నూలు పట్టి గీసినట్టున్నాయి. పెద్దకాపు అంతటివాడు చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. మా వాళ్లు వట్టి కాళ్లతో గడ్డి మీద అడుగుపెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుని చిన్నపిల్లల్లా నవ్వారు.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. మా ఇసుకలో బంతి పడితే పడినచోటే ఉంటుంది. గడ్డి మీద అది ఆగదు. అవతలిది టౌను జట్టు, బూట్ల జట్టు. వాళ్లు మెల్లగా తోసిన బంతి చిన్నాయన చేతుల ముందు పడి, సర్రున జారి, ఆయన కాళ్ల మధ్య నుంచి వలలోకి పోయింది.

"ఎవురిదే ఆ అరుపు?" అంది అవ్వ, గోడ వైపు తిరిగి కూర్చుని. మా ఊళ్లో అయితే అరుపును బట్టి ఆమెకే తెలిసిపోయేది. ఇక్కడ అన్నీ తెలియని గొంతులు.

"వాళ్లది అవ్వా."

ఆమె నా చీలమండ పట్టుకుంది. ఆట అయ్యేదాకా వదల్లేదు. మా మామ ఎడమకాలు మళ్లీ ఒకసారి పనిచేసి గోలు సమానమైనప్పుడు కూడా వదల్లేదు. ఆట సమయం అయిపోయింది. ఎవరూ గెలవలేదు. ఇంక పెనాల్టీలు అన్నారు. చెరొకటి కొట్టుకుంటూ వచ్చారు. అన్నీ పడుతున్నాయి, మా వాళ్లవీ, వాళ్లవీ. చివరికి మావాళ్లు తమవన్నీ కొట్టేశారు, వాళ్లకు ఒకటి మిగిలింది. చిన్నాయన అది ఆపితే పైకి పోతాం.

టౌను కుర్రాడు బంతి పెట్టి వెనక్కి నడిచాడు. చిన్నాయన రెండు చేతులూ వదులుగా వేలాడేసి నిలబడ్డాడు. వాళ్ల గోలీ ప్రతిసారీ ముందే ఏదో ఒక పక్కకు దూకేవాడు. చిన్నాయన దూకలేదు. తెప్పను అలలోకి తోసేముందు అల విరిగేదాకా ఆగుతారు చూడండి, అట్లా ఆగాడు. ఆ కుర్రాడు తన్నాడు. అప్పుడు కదిలాడు చిన్నాయన. బారెడు పక్కకు వాలి, రెండు చేతుల్తో బంతిని పట్టి, పొట్టకేసి అదుముకుని గడ్డి మీద ముడుచుకుపోయాడు. ఆ చేతులు మా ఇంట్లో నాకు రోజూ జడ వేసిన చేతులేనా అనిపించింది.

అవ్వ నా కాలు పట్టి ఊపేస్తోంది. "ఏందే? చెప్పవే! ఎవురిదే అరుపు? చెప్పు తల్లా!" నేను చెప్పలేకపోయాను. అయ్యవారు మోకాళ్ల మీద పడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు, పెద్దకాపు చేతిలో చెప్పులు గాల్లోకి విసిరేశాడు. ఇవేవీ ఆమె చూడటం లేదు. చివరికి చిన్నాయనే జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పట్టినానమ్మా."

అవ్వ ఆయన అరచేతులు తడిమి చూసింది. "కార్తీకమంతా ఆటలేనా?"

"కార్తీకమంతా."

అప్పుడు మెల్లగా లేచి, మొదటిసారి వెనక్కి తిరిగి గ్రౌండు చూసింది. చాలాసేపు చూసింది. "ఇంతుంటాదా ఇది!" అంది.

ఆ వానకాలం మా జట్టు పై డివిజన్‌లో ఏం చేసిందని అడగకండి. ప్రతి ఆటా ఓడింది. పడ్డ గోల్స్ లెక్కపెట్టడం కూడా మానేశాం. మరుసటి ఏడు మళ్లీ కిందికి వచ్చేశాం, ఇంకెప్పుడూ పైకి పోలేదు. చిన్నాయన మళ్లీ తెప్పెక్కాడు, అవ్వ మళ్లీ ఒడ్డు మీద నిలబడింది. ఆమెకు దక్కింది ఆ ఒక్క కార్తీకమే. ఆ నెలలో కూడా గాలి లేచిన సాయంత్రాల్లో ఆమె ఇంట్లో కూర్చోలేదు. మిగతా ఆడవాళ్లతో పోయి, వాళ్ల కొడుకుల కోసం ఒడ్డున తడుస్తూ నిలబడింది.

ఇన్నేళ్లకు తలుచుకుంటే నాకు గెలిచిన ఆట కన్నా ఓడిన రోజులే ఎక్కువ గుర్తొస్తాయి. టౌనులో చిత్తుగా ఓడి, తల వేలాడేసుకుని, చిన్నాయన వానలో ఇంటికొచ్చేవాడు. అప్పటికే పొయ్యి మీద వంజరం చేపల పులుసు ఉడుకుతూ ఉండేది. పండగకు కూడా అవ్వ అంత నూనె పోసేది కాదు. ఒకరోజు చిన్నాయనకు ఉక్రోషం వచ్చింది. కంచం పక్కకు జరిపాడు.

"ఊరంతా మొగం చాటేస్తుండారు. నీకేందమ్మా ఇంత సంబరం? నేను ఓడి వచ్చినా."

అవ్వ కంచాన్ని మళ్లీ ఆయన ముందుకు జరిపి, పెద్ద ముక్క చూసి వేసింది.

"వచ్చినావు గదా" అంది.